కుర్చీ పట్టుకునే ముందు పడటం నేర్చుకో తమ్ముడూ

మాది హైదరాబాద్ అంబర్‌పేటలో టెంట్ హౌస్. షామియానాలు, వంట గిన్నెలు, మడత కుర్చీలు అద్దెకిస్తాం. ఆ కుర్చీలతోనే ఆరేళ్లు హార్డ్‌కోర్ రెజ్లింగ్ ఆడాను, అంటే కుర్చీలతో, టేబుళ్లతో కొట్టుకునే కుస్తీ షోలు. ఇప్పుడు మళ్లీ వాటినే లెక్కపెట్టుకుంటూ గల్లా దగ్గర కూర్చుంటున్నా. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి స్టేడియంలో అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ షోకి స్టార్ రెజ్లర్ జాన్ సీనా వచ్చి పోయిన దగ్గర్నుంచి, నెలకొక్కడైనా షాపుకొచ్చి "అన్నా, ఎట్ల మొదలుపెట్టాలె?" అని అడుగుతున్నాడు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ముందు పడటం. మా భాషలో బంప్ అంటారు. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి ఉంచాలి, లేకపోతే తల వెనకభాగం ముందు తగులుతుంది. రెండు చేతులూ కాస్త ఎడంగా చాచి అరచేతులతో నేలను చరచాలి. ఊపిరి బిగబట్టకూడదు, పడుతూనే వదిలేయాలి. నడ్డి మీద కాదు, వీపు పైభాగం మీద పడాలి. రింగ్ మెత్తగా ఉంటుందనుకుంటారు చాలామంది. కింద ఇనుప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పలకల మీద పల్చటి ఫోమ్, ఆపైన కాన్వాస్ గుడ్డ, అంతే. మొదటి వారం నేను దగ్గినా మెడ పట్టేసేది. రింగ్ చుట్టూ ఉండే తాళ్ల మీదికి పరిగెత్తి వెనక్కి రావడం ఇంకో నరకం. పక్కటెముకల దగ్గర వంకాయ రంగులో చారలు తేలతాయి.

ఎక్కడ నేర్చుకోవాలి? నేను ముందు పాతబస్తీలో ఒక తాలీంకి, అంటే కుస్తీ నేర్పే చోటికి, పోయాను. మెడకు బలం, పట్టు అక్కడే వచ్చాయి. కానీ కుస్తీలో వీపు నేలకు తగిలితే ఓడినట్టు, మాకేమో వీపు తగిలించుకోవడమే పని. సంగతి తెలిశాక ఉస్తాద్ నన్నొక వింత జంతువును చూసినట్టు చూశాడు. ఆ తర్వాత పంజాబ్ వెళ్లాను. డబ్ల్యూడబ్ల్యూఈలో ఆడిన మన రెజ్లర్ ద గ్రేట్ ఖలీ 2015లో జలంధర్‌లో అకాడమీ పెట్టాడు కదా, మనవాళ్లు ఎక్కువగా అడిగేది దాని గురించే. ఎక్కడికి పోయినా ఫీజు, బస, తిండి ముందే మాట్లాడుకుని రైలెక్కు.

ఇక కుర్చీ. ప్లాస్టిక్‌ది ముట్టుకోకు. విరిగితే ముక్కల అంచులు కత్తిలా కోస్తాయి. ఇనుప మడత కుర్చీ కావాలి, అది కూడా సీటు ఒకే రేకుతో చదునుగా ఉన్నది. పూర్తిగా మడిచి, సీటు చదును భాగం మాత్రమే ఎదుటివాడి వీపు పైభాగంలో ఉండే రెండు రెక్క ఎముకల మీదా ఒకేసారి సమంగా పడేట్టు కొట్టాలి. అంచు తగిలిందా, చర్మం చీలుతుంది. వెన్నెముక కింది భాగానికి, మెడకు అసలు పోనివ్వకు. తలకు ఎవడు కొట్టమన్నా కొట్టకు, ఎవడు కొడతానన్నా ఒప్పుకోకు. డబ్ల్యూడబ్ల్యూఈ రెజ్లర్ క్రిస్ బెన్వా 2007లో చనిపోయాక అతని మెదడును పరీక్షిస్తే ఏళ్ల తరబడి తిన్న దెబ్బల ఆనవాళ్లు కనిపించాయి. 2010లో డబ్ల్యూడబ్ల్యూఈ తలమీద కుర్చీ దెబ్బలు నిషేధించింది. అయినా జనానికి కావాల్సింది ఆ 'ఠప్' చప్పుడే. రేకు సమంగా పడితే చప్పుడు ఎక్కువ, నొప్పి తక్కువ. నొప్పి అసలుండదని మాత్రం అనుకోకు.

మా నాయిన లెక్క వేరు. "ఇరవై పోయినయ్, ఇరవై వచ్చినయ్. గని ఆరు కూసునేటట్టు లేవు" అనేవాడు. రిజిస్టర్‌లో నా పేరు మీద ఏకంగా ఒక పేజీ ఉంది.

టేబుల్ విషయంలో నా తప్పు చెప్తా. ఊరి చివర ఒక ఫంక్షన్ హాల్లో షో. కొత్త టేబుల్ ఎందుకు కొనాలని మా షాపులోని బఫే టేబులే తీసుకుపోయాను. పైన తెల్లగుడ్డ కప్పి ఉంది. కింద ఇనుప పట్టీ అడ్డంగా ఉన్న సంగతి పడ్డాక గుర్తొచ్చింది. టేబుల్ విరగలేదు, రెండు పక్కటెముకలు చిట్లాయి. ఎక్స్‌రే చూసి డాక్టర్ "బండి మీంచి పడ్డావా?" అన్నాడు. కాదు సార్, బఫే టేబుల్ మీద అన్నాను. మూడు వారాలు కూర్చునే నిద్రపోయాను. కాబట్టి పల్చటి ప్లైవుడ్ పలక, మధ్యలో ఆధారం లేనిది కావాలి. షోకి ముందు బోర్లించి నీ చేత్తో తడిమి చూడు. ఇంకొకడు చూశానంటే నమ్మకు.

డ్రాయింగ్ పిన్నుల మీద పడటం చూసేవాళ్లకు భయంకరంగా ఉంటుంది కానీ, పైవాటికంటే నయం. వీపు మొత్తం ఒకేసారి ఆనితే బరువు పంచుకుంటుంది. అరచేతులు మాత్రం పైకెత్తి ఉంచు. ఇక్కడ నేల చరిచావో అయిపోయావు. తర్వాత ప్లక్కర్‌తో ఒక్కొక్కటీ తీయించుకో. ట్యూబ్‌లైట్లు వద్దు. లోపల పాదరసం ఉంటుంది, గాజుపొడి కళ్లలోకి, ఊపిరిలోకి పోతుంది.

జనానికి రక్తం చూపించడానికి బ్లేడుతో నుదురు కోసుకోవడం నేర్పమని కొందరడుగుతారు. నేర్పను. అబ్దుల్లా ద బుచర్ అనే పెద్ద పేరున్న రెజ్లర్ మీద తోటి రెజ్లర్ ఒకడు కేసు వేశాడు, ఆటలో తనను కోసిన బ్లేడు వల్లే హెపటైటిస్ సి వచ్చిందని. 2014లో కెనడా కోర్టు ఇరవై లక్షల డాలర్లకు పైగా కట్టమంది. హెపటైటిస్ సికి టీకా లేదు. హెపటైటిస్ బికి ఉంది, మూడు డోసులు: మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. టెటనస్ కూడా వేయించుకో. ఎదుటివాడి రక్తపరీక్ష కాగితం అడగడానికి మొహమాటపడకు. నీది కూడా చూపించు.

మాట్లాడటం నేర్చుకో. దీన్ని ఎవడూ పట్టించుకోడు. 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో పదహారు అడుగుల పంజరం మీంచి రెజ్లర్ మిక్ ఫోలీని తోటి రెజ్లర్ అండర్‌టేకర్ విసిరేయడం అందరికీ తెలుసు. దానికి నాలుగేళ్ల ముందే మ్యూనిక్‌లో తాళ్ల మధ్య తల ఇరుక్కుని ఫోలీ చెవి ఊడింది. అయితే చెవులు తెగినవాళ్లూ పైనుంచి పడినవాళ్లూ అందరూ ఛాంపియన్లు కాలేదు. మైకు పట్టుకుంటే జనం నవ్వేవాళ్లు, పాపం అనేవాళ్లు కాబట్టే 1999 జనవరిలో అతని చేతికి ఛాంపియన్ బెల్టు వచ్చిందని నేననుకుంటా. నువ్వు తెలుగులో, హిందీలో రెండు నిమిషాలు తడబడకుండా ఎదుటివాణ్ని సవాలు చేయగలవా? అద్దం ముందు కాదు, చాయ్ బండి దగ్గర నలుగురి ముందు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తా, పెద్దగా లేదు కాబట్టి. నా మొదటి షోకి పదిహేను వందలు, బిర్యానీ. నెలకొక షో దొరికితే గొప్ప. ఒక నిర్వాహకుడు మూడు షోల డబ్బు ఎగ్గొట్టాడు. అప్పట్నుంచి సగం ముందు చేతిలో పడితేనే బూట్ల లేసులు కట్టేవాణ్ని. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ప్రమాదకరమైన ఆటలకు వర్తించదనే వాక్యం ఉందేమో చదువు, చాలావాటిలో ఉంటుంది. ఇంకో పని చేతిలో ఉంచుకో.

ఇంతా చదివాక కూడా రావాలనిపిస్తే, ఆదివారం పొద్దున ఆరింటికి మా గోడౌన్‌కి రా. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే పరుపులు పరిచి ఉంచుతా. కుర్చీ అడగకు, మొదటి ఆరు నెలలు ఇవ్వను. ఆ తర్వాత కూడా నాయిన షాపులో లేనప్పుడే.