చెర్రీ చెట్టు పూయడం లేదా? హైదరాబాద్ పెరట్లో సమస్యలు - పరిష్కారాలు

మా పిన్ని వాళ్ళది సైనిక్‌పురి. ఇంటి ముందు, గేటుకీ మెట్లకీ మధ్య ఆరడుగుల మట్టి జాగా ఉంది. జపాన్ ఫొటోల్లో కనబడే గులాబీ రంగు చెర్రీ అక్కడ ఉండాలని ముచ్చటపడి, అంటుకట్టిన మొక్క తెప్పించుకుంది. మూడేళ్ళు కంటికి రెప్పలా చూసుకుంది. పశువుల ఎరువు, వేపపిండి, ఎముకల పొడి, అన్నీ వేసింది. ఒక్క పువ్వు రాలేదు. "నేనేం తక్కువ చేశాన్రా?" అని అడిగితే ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత చదివి, ఇంకో నలుగురి ఇళ్ళలో మొక్కలు చూసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఆకులు వస్తాయి, పువ్వు మాత్రం రాదు

ఎక్కువమంది బాధ ఇదే. చెర్రీ తన పూమొగ్గల్ని ముందటి వేసవిలోనే తయారు చేసి పెట్టుకుంటుంది. ఆకు రాల్చాక ఆ మొగ్గలు నిద్రలోకి పోతాయి. ఆ నిద్ర తీరాలంటే సుమారు 0 నుంచి 7 డిగ్రీల మధ్య చలి వందల గంటల పాటు తగలాలి. తోటలవాళ్ళు వీటినే చిల్లింగ్ అవర్స్ అంటారు. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 14, 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఎప్పుడైనా చలిగాలులు వీచి 10 కిందికి దిగినా అది తెల్లవారుజామున కాసేపే. పొద్దెక్కేసరికి ఎండ కాస్తుంది. మనం స్వెటర్ వేసుకున్నా, చెట్టు లెక్కలో చలికాలం రానే లేదు.

మీ మొక్కది ఇదే సమస్యా కాదా తేల్చుకోవడం తేలిక. జనవరి ఆఖర్న ఒక కొమ్మ చివర దగ్గరగా చూడండి. మొగ్గ మీద గోధుమ రంగు పొలుసులు ఒకదాని మీద ఒకటి గట్టిగా మూసుకుని ఉంటాయి. దాని పక్కన బెరడును గోటితో కొద్దిగా గీరండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే కొమ్మ బతికే ఉంది, మొగ్గ లేవలేదంతే. మార్చి వచ్చేసరికి ఒకచోట నాలుగాకులు, మరోచోట మూరెడు బోడి కొమ్మ కనబడతాయి. ఇది రోగం కాదు, చలి చాలకపోవడం.

దీనికి ఎరువుతో మందు లేదు. పొటాష్ వేసినా, పూత మందులు కొట్టినా డబ్బు దండగ. కుండీలో ఐస్ గడ్డలు వేయమని ఎవరైనా చెబితే వినకండి. చలి తగలాల్సింది కొమ్మ మీది మొగ్గకు, వేరుకు కాదు. "షిల్లాంగ్‌లో పూస్తోంది కదా, అదీ మన దేశమే కదా" అని పిన్ని అడిగింది, న్యాయమైన ప్రశ్నే. అక్కడ నవంబరులో పూసేది ప్రూనస్ సెరసాయిడిస్ అనే హిమాలయాల చెర్రీ. ఆ ఊరు సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది. 1912లో టోక్యో నుంచి అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు వెళ్ళిన 3,020 చెర్రీ చెట్లు అక్కడ నిలదొక్కుకుని పూశాయంటే, ఆ ఊళ్ళోనూ గట్టి చలికాలం ఉంది కాబట్టే.

కాబట్టి నా మాట ఇది: కొత్తగా పెట్టాలనుకుంటే హైదరాబాద్‌లో చెర్రీ పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే, ఆకుల అందం చాలనుకునేవాళ్ళ కోసం కింది జాగ్రత్తలు.

ఏప్రిల్‌లో ఆకు అంచులు మాడిపోతున్నాయి

40 డిగ్రీల ఎండ, వడగాలి, పక్కన కాంక్రీటు గోడ నుంచి కొట్టే సెగ, ఈ మూడూ కలిసి చేసే పని. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువైనా అంచులు ఇలాగే మాడతాయి. కుండీలో ఉంటే పొద్దుటి ఎండ మాత్రం తగిలే తూర్పు వైపుకు మార్చండి. నేలలో ఉంటే మే ఆఖరు దాకా 50 శాతం షేడ్ నెట్ కట్టి, మొదలు చుట్టూ మూడంగుళాల మందాన ఎండుటాకులు పరచండి. ఆకులు కాండానికి ఆనకూడదు. నీళ్ళు పొద్దున్నే పెట్టండి.

ఆకు పసుపు, ఈనెలు పచ్చగా

లేత ఆకుల్లో ఇలా కనబడితే ఇనుము అందడం లేదని అర్థం. మట్టిలో ఇనుము ఉన్నా, సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్ళు నెలల తరబడి పోస్తే వేరు దాన్ని తీసుకోలేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వారం, పది రోజులకోసారి, రెండు మూడుసార్లు. వాన నీళ్ళు పట్టుకోగలిగితే అవి పోయండి, అంతకంటే మంచిది లేదు.

కాండం మీద బంక

పిన్ని చెట్టుకు రెండో వానాకాలంలో వచ్చింది. తుమ్మ బంకలా తేనె రంగు చుక్కలు, వేలితో నొక్కితే మెత్తగా, కింద బెరడు నల్లగా. చెర్రీ జాతి చెట్లు దెబ్బ తగిలినా, మొదట్లో నీరు నిలిచినా, ఎండకు బెరడు పగిలినా, పురుగు తొలిచినా బంక కారుస్తాయి. అందుకని ముందు కారణం వెతకండి. బంకతో పాటు రంపపు పొట్టు లాంటిది కనబడితే లోపల పురుగు ఉన్నట్టు. ఆ రంధ్రంలో సన్నని తీగ దూర్చి చంపాలి. నీరు నిలుస్తుంటే మట్టిని ఎత్తు చేయాలి. నల్లరేగడిలో పెట్టిన మొక్క నేల తడిగా ఉండగానే వాడిపోతుంటే వేరు కుళ్ళుతోందన్నమాట, ఇంకా నీళ్ళు పోస్తే చేజేతులా చంపినట్టే.

పొడి వాతావరణం చూసి బంకనూ నల్లబడ్డ బెరడునూ పదునైన కత్తితో తీసేసి, బోర్డో పేస్ట్ పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) అర లీటరు నీళ్ళలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి, రెండూ కలిపితే సరిపోతుంది. కత్తిరించిన కొమ్మల్ని, ఆకుల్ని మేకలకు, పశువులకు వేయకండి. చెర్రీ ఆకు వాడేకొద్దీ అందులో సైనైడ్ విషం పుడుతుంది.

విత్తనం మొలవలేదు, లేదా మొలిచింది వేరే చెట్టు

ప్యాకెట్లలో అమ్మే "చెర్రీ బ్లాసమ్ విత్తనాలు" కొనకండి. జపాన్‌లో అంతటా కనబడే సోమెయి యోషినో రకం అంటు ద్వారానే వస్తుంది, విత్తనంతో అదే చెట్టు రాదు. ఇక నర్సరీలో "చెర్రీ" అంటే ఇచ్చేది చాలాసార్లు సింగపూర్ చెర్రీ. చిన్న తెల్లపూలు, తియ్యని ఎర్ర పండ్లు. పిట్టలకు పండగే గాని మీరు కోరుకున్న చెట్టు కాదు.

మరి ఆ గులాబీ రంగు కావాలంటే?

చెర్రీకి చలి చేసే పని, ఇక్కడ కొన్ని చెట్లకు నీటి ఎద్దడి చేస్తుంది. గులాబీ టబూబియా అలాంటిది. మధ్య అమెరికా నుంచి వచ్చిన చెట్టు, ఎల్ సాల్వడార్ దేశపు జాతీయ వృక్షం. వానలు పోయి నేల ఎండాక ఆకు రాల్చి, జనవరి నుంచి మార్చి దాకా బోడి కొమ్మల నిండా పూస్తుంది. దూరం నుంచి చూస్తే మీ మనసులో ఉన్న ఫొటోయే. కాకపోతే పెద్ద చెట్టు. గోడకు కనీసం 15 అడుగుల దూరం ఉండాలి.

పెట్టి అయిదారేళ్ళయినా అది పూయకపోతే పక్కన లాన్ ఉందేమో చూడండి. లాన్‌కు రోజూ నీళ్ళు, నెలనెలా యూరియా పడితే చెట్టు ఆకు వేస్తూనే ఉంటుంది. నవంబరు నుంచి నీళ్ళు ఆపండి, యూరియా పూర్తిగా మానండి. రోజుకు ఆరు గంటల ఎండ లేకపోతే మాత్రం ఎన్ని చేసినా అంతంతే.

జాగా తక్కువైతే క్రేప్ మిర్టల్ అనే చిన్న పూలచెట్టు పెట్టుకోండి. ముడతలు పెట్టిన పట్టు గుడ్డలాంటి రేకులు, ఎండాకాలం నుంచి వానల దాకా పూత. ఇది కొత్త చిగురు మీదే పూస్తుంది. అందుకే పూయడం లేదంటే ముందు కత్తెర పట్టాలి. జనవరి, ఫిబ్రవరిలో పెన్సిల్ కంటే సన్నని కొమ్మలు తీసేయండి. నీడలో ఉంటే ఆకుల మీద తెల్లగా బూడిద తెగులు వస్తుంది. లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కొట్టండి, అయితే ఎండ మండే రోజుల్లో వద్దు, ఆకు మాడుతుంది.

పిన్ని నాలుగో ఏడాది జూన్‌లో చెర్రీని తీయించింది. తీసేటప్పుడు చూస్తూ నిలబడలేక లోపలికి వెళ్ళిపోయింది. అదే జాగాలో రెండడుగుల గుంత తీసి, కింద మొరం, పైన ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు సగం సగం నింపి, గులాబీ రంగు క్రేప్ మిర్టల్ పెట్టాం. మరుసటి మేలో మెట్ల మీద రాలిన రేకుల్ని ఊడ్వొద్దని పనమ్మాయికి చెప్పింది.