హీటింగ్ థర్మోస్టాట్‌ను ఏ గోడకు పెట్టాలి?

థర్మోస్టాట్‌కు తెలిసింది ఒక్కటే: తనకు తగులుతున్న గాలి ఎంత వెచ్చగా ఉందో. మీరు పెట్టిన అంకె కంటే అది తగ్గితే హీటింగ్ ఆన్ చేస్తుంది, దాటితే ఆపేస్తుంది. సోఫాలో మీరు వణుకుతున్నారో, పడకగదిలో ఉడికిపోతున్నారో దానికి పట్టదు. అయినా చాలామంది స్విచ్‌బోర్డు పక్కన ఖాళీ కనబడితే చాలు, అక్కడే బిగించేస్తారు. తర్వాత చలికాలమంతా, నీళ్లు కాచి ఇంటికి వేడినిచ్చే బాయిలర్‌ను తిడుతూ కూర్చుంటారు.

కావలసినవి: గదిలో పెట్టుకునే మామూలు థర్మామీటర్లు రెండు, టేపు, పెన్సిల్, డ్రిల్, స్క్రూలు, రసమట్టం, కాస్త పుట్టీ. థర్మామీటర్లు రెండింటినీ ముందు అరగంటసేపు పక్కపక్కన ఉంచండి. రెండూ వేర్వేరు అంకెలు చూపిస్తే ఆ తేడా రాసిపెట్టుకోండి.

గది ఎంచుకోవడం తేలిక. ఇంట్లోవాళ్లు ఎక్కువసేపు కూర్చునే గది, అంటే హాలు. వంటగదిలో వద్దు, స్టవ్ వెలిగించగానే ఇల్లంతా వేడెక్కిందనుకుని హీటింగ్ ఆపేస్తుంది. నడవాలో అసలే వద్దు. ‘ఇంటి మధ్యలో ఉంటుంది కాబట్టి అన్ని గదుల సగటు తెలుస్తుంది’ అని కొందరు వాదిస్తారు. సగటు ఎక్కడి నుంచి వస్తుంది? నడవాలో పెడితే నడవా సంగతే తెలుస్తుంది. పైగా బయటి తలుపు తెరిచిన ప్రతిసారీ చల్లగాలి తగిలి, అవసరం లేకపోయినా ఇల్లంతా కాగబెడుతుంది.

ఎత్తు నేల నుంచి మీటరున్నర. చక్రాల కుర్చీ వాడేవాళ్లుంటే మీటరూ ఇరవై సెంటీమీటర్లకు దించండి. మీటరున్నర కన్నా పైకి పోతే కప్పు దగ్గర చేరే వేడిగాలిని, మరీ కిందకు దిగితే నేల చల్లదనాన్ని కొలుస్తుంది.

ఇక గోడ. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

బయటి గోడ పనికిరాదని అందరికీ తెలుసు. కానీ ఫ్లాట్‌లో బయటి గోడలంటే కిటికీలున్నవి మాత్రమే కావు. మెట్ల దారి వైపు, లిఫ్ట్ వైపు ఉన్న గోడలకు అవతల సాధారణంగా హీటింగ్ ఉండదు, అందుకే వాటినీ బయటి గోడల్లోనే జమకట్టండి. పక్క ఫ్లాట్‌తో కలిసిన గోడ ఇంకా మాయదారిది. పక్కవాళ్లు ఇంట్లో ఉన్నన్నాళ్లు వెచ్చగా ఉంటుంది, వాళ్లు ఊరెళ్లగానే చల్లబడుతుంది. మీ ఇంటి వేడి వాళ్ల ప్రయాణాల మీద ఆధారపడటం దేనికి? మీ రెండు గదుల మధ్య ఉన్న గోడనే ఎంచుకోండి.

ఆ గోడకు అవతల ఏముందో కూడా చూడాలి. ఫ్రిజ్ వీపు ఆనుకుని ఉందా? ఓవెన్ ఉందా? బాత్రూమ్ వేడినీళ్ల పైపులు గోడలోంచి పోతున్నాయా? హీటింగ్ ఆన్ చేసి, వేడినీళ్ల కుళాయి తిప్పి, కొంతసేపు ఆగి గోడను అరచేత్తో తడమండి. ఒక పట్టీలా వెచ్చగా తగిలితే లోపల పైపు ఉన్నట్టే. అక్కడ థర్మోస్టాటే కాదు, డ్రిల్ కూడా పెట్టకూడదు.

ఇవతలి వైపు శత్రువులు కళ్లెదుటే ఉంటాయి: రేడియేటర్ (బాయిలర్ నీళ్లతో కాగి గదికి వేడినిచ్చే పలక), టీవీ, టేబుల్ లైటు, కర్టెన్, తెరిస్తే గోడను కప్పేసే తలుపు. పుస్తకాల అరల మధ్య సందు కూడా చెడ్డదే, అక్కడ గాలి ఆడదు. ఎండ విషయంలో మాత్రం మోసపోకండి. వేసవిలో చూసి ‘ఇక్కడ ఎండ పడదులే’ అనుకుంటారు. చలికాలంలో సూర్యుడు కిందుగా ఉంటాడు, కిరణాలు గది లోపలి గోడ దాకా వస్తాయి. హీటింగ్ కావలసిందీ అప్పుడే.

ఇంత చూశాక కూడా డ్రిల్ తీయకండి. ఒక థర్మామీటర్‌ను మీరు ఎంచుకున్న చోట గోడకు తగిలించండి, రెండోదాన్ని మీరు కూర్చునే చోట ఉంచండి. తెల్లవారుజామున, మధ్యాహ్నం, వంట వేళ, రాత్రి రెండు అంకెలూ రాసుకోండి. ఇందులో ఎండ కాసిన రోజొకటి, గాలి వీచిన రోజొకటి ఉండాలి.

రెండిటికీ తేడా ఉండటం తప్పు కాదు. గోడ దగ్గర ఎప్పుడు చూసినా ఒక డిగ్రీ తక్కువే ఉంటే, మీరు పెట్టే అంకెను ఒక డిగ్రీ తగ్గిస్తే సరిపోతుంది. తేడా మారుతూ ఉంటేనే ప్రమాదం. ఉదయం సమానంగా ఉండి మధ్యాహ్నం గోడ దగ్గర మూడు డిగ్రీలు పెరిగిందంటే, మీరు చలికి ముడుచుకున్న వేళ హీటింగ్ ఆగిపోతుంది. దాన్ని ఏ అంకె పెట్టీ సరిచేయలేరు. ఆ చోటు వదిలేసి ఇంకోటి చూడండి.

వైర్‌లెస్ థర్మోస్టాట్ అయితే ఈ పరీక్ష అక్కర్లేదని, ఎటైనా జరుపుకోవచ్చని అంటారు. రోజుకోచోట ఉంటే రోజుకో లెక్క చెబుతుంది. దానికీ ఇదే పరీక్ష చేసి, ఒకచోట స్థిరంగా ఉంచండి. అద్దె ఇల్లయి గోడకు రంధ్రం చేయకూడదంటే మాత్రం అదే మేలు.

బిగించడానికి పెద్దగా చెప్పేదేమీ లేదు. మెయిన్ ఆపండి. నేరుగా 230 వోల్టులు వచ్చే రకమైతే ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి. పాదరసం స్విచ్ ఉన్న పాత రకానికి రసమట్టం తప్పనిసరి, కొత్తవాటికి అందం కోసమే. వైరు వచ్చే రంధ్రాన్ని మాత్రం పుట్టీతో మూసేయండి. లేదంటే గోడ లోపలి చల్లగాలి వెనక నుంచి సెన్సర్‌కు తగిలి, మీరు పడ్డ శ్రమంతా వృథా అవుతుంది.

చివరగా, ఆ గదిలో రేడియేటర్లకు వేడిని బట్టి తనంతట తానే మూసుకునే వాల్వు ఉంటే దాన్ని పూర్తిగా తెరిచి ఉంచండి. అది ముందే మూసుకుంటే గది మీరు పెట్టిన అంకెను చేరదు, బాయిలర్ ఆగదు, మిగతా గదులు కాగిపోతాయి. అలాంటి వాల్వులను పడకగదుల్లో ఎంతైనా తిప్పుకోండి.