కడుపు డయాలసిస్‌ను ఇంట్లో జాగ్రత్తగా చేసుకొనే విధానం

మూత్రపిండాలు ఇక పనిచేయవని, డయాలసిస్ తప్పదని వైద్యుడు చెప్పగానే మనలో చాలామందికి తోచేది ఒకటే దారి: వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లి, నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకొని రావడం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, మందస మండలాల పల్లెల నుంచి అలా వెళ్లివచ్చేవారికి ఆ రోజంతా దానికే సరిపోతుంది, తోడు వెళ్లినవారి కూలి కూడా పోతుంది. ఇంట్లోనే చేసుకోగల పెరిటోనియల్ డయాలసిస్ అనే మరో పద్ధతి ఉంది. దీన్నే వాడుకలో కడుపు డయాలసిస్ అని, సీఏపీడీ అని అంటారు. 2016లో మొదలైన జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో ఈ పద్ధతికి కూడా 2019లో మార్గదర్శకాలు వచ్చాయి. కాబట్టి ఇది మీకు తగినదేనా, ప్రభుత్వ పథకంలో దీనికి కావలసిన ద్రవం సంచులు అందే వీలుందా అని మీ నెఫ్రాలజిస్టును (మూత్రపిండాల వైద్యుడిని) మీరే అడగండి.

పేగులను కప్పి ఉంచే పెరిటోనియం అనే పలుచని పొరే ఇక్కడ జల్లెడలా పనిచేస్తుంది. బొడ్డు పక్కన చిన్న శస్త్రచికిత్సతో అమర్చిన మెత్తని గొట్టం ద్వారా, పెద్దవారికైతే సాధారణంగా రెండు లీటర్ల ద్రవాన్ని కడుపులోకి పంపుతారు. రక్తంలోని మలినాలు ఆ పొర గుండా ద్రవంలోకి వస్తాయి, ద్రవంలో ఉండే డెక్స్‌ట్రోస్ అనే చక్కెర ఒంట్లోని అదనపు నీటిని లాగుతుంది. నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత ఆ ద్రవాన్ని దించివేసి కొత్తది ఎక్కించాలి. రోజుకు మూడు నాలుగు మార్పిడులు చేయవలసి ఉంటుంది, చివరిది రాత్రంతా కడుపులోనే ఉంటుంది. గొట్టం వేసిన తర్వాత గాయం మానడానికి సాధారణంగా రెండు వారాలు ఆగుతారు. ఆ వ్యవధిలో రోగితో పాటు ఇంట్లో మరొకరు కూడా శిక్షణ తీసుకోవడం మంచిది, ఎందుకంటే జ్వరం వచ్చిన రోజైనా సరే మార్పిడి ఆగకూడదు.

ఇందుకు ప్రత్యేకమైన గది లేకపోయినా ఫరవాలేదు గాని, శుభ్రమైన మూల ఒకటి తప్పక ఉండాలి. మార్పిడి మొదలుపెట్టే ముందు కిటికీలు, తలుపు మూసి, ఫ్యాను ఆపి, పిల్లలను, పెంపుడు జంతువులను బయటకు పంపి, బల్లను తుడిచి, రోగి, సాయం చేసేవారు ఇద్దరూ మాస్కు పెట్టుకోవాలి. ఉంగరాలు, గాజులు తీసి, చేతులను సబ్బుతో గోళ్ల సందులతో సహా కడిగి, శుభ్రమైన తువ్వాలుతో పూర్తిగా తుడుచుకోవాలి. తడి చేతులతో గొట్టాన్ని తాకకూడదు. మన పెద్దలు మడి కట్టుకొన్న తర్వాత దేన్నీ ముట్టుకోనట్టే, ఈ అరగంట సేపు ఫోను మోగినా ముట్టుకోకూడదు. సంచి మీది గడువు తేదీ, ద్రవంలోని చక్కెర శాతం, ద్రవం తేటదనం చూసి, గట్టిగా నొక్కి ఎక్కడా కారడం లేదని నిర్ధారించుకోవాలి. సంచిని ఒంటి వేడికి తేవడానికి పొడి వేడి ఇచ్చే ప్యాడ్ వాడాలి తప్ప వేడినీళ్ల బకెట్టులో ముంచకూడదు, ఆ నీటిలోని క్రిములు కలిపేచోటికి చేరతాయి.

తర్వాత సంచి గొట్టాన్ని ఒంటి గొట్టానికి కలిపి, ముందుగా కడుపులోని పాత ద్రవాన్ని కింద ఉన్న ఖాళీ సంచిలోకి దించాలి, దీనికి ఇరవై నిమిషాల వరకు పడుతుంది. అది పూర్తయ్యాక ఒంటి వైపు మూసి, కొత్త సంచి సీలు విరిచి, నెమ్మదిగా ఐదు లెక్కపెట్టేంతసేపు కొత్త ద్రవాన్ని నేరుగా కింది సంచిలోకి వదలాలి. గొట్టంలోని గాలి, కలిపేటప్పుడు చేరిన క్రిములు ఏవైనా ఉంటే దానితో కొట్టుకుపోతాయి. ఆ తర్వాతే పది నిమిషాల్లో ద్రవం ఎక్కించి, గొట్టాన్ని విడదీసి, కొత్త మూత బిగించాలి. కంపెనీని బట్టి ఈ వరుసలో చిన్న తేడాలుంటాయి, మీకు నేర్పిన వరుసనే పాటించండి.

కలిపే ఆ రెండు క్షణాల గురించి నా అనుభవం చెప్పక తప్పదు. మా నాన్నగారికి మొదలుపెట్టిన రెండో నెలలో సంచి గొట్టం కొన దుప్పటి అంచుకు తగిలింది. "ఒక్క క్షణమే కదమ్మా, నిండు సంచి పారేయడమెందుకు" అని ఆయన అంటే నేను కాదనలేక కలిపేశాను. మూడో రోజు ఉదయం దిగిన ద్రవం బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. కడుపునొప్పితో ఆసుపత్రిలో చేరి, రెండు వారాలకు పైగా యాంటీబయాటిక్స్ తీసుకోవలసి వచ్చింది. సంచి కొన దేనికి తగిలినా ఆ సంచిని పక్కన పెట్టేయండి. ఒంటి వైపు కొన తగిలితే క్లాంపు (గొట్టాన్ని నొక్కి మూసే బిగింపు) మూసి, కొత్త మూత పెట్టి, మార్పిడి మొదలుపెట్టకుండా నర్సుకు ఫోన్ చేయండి.

దిగిన ద్రవాన్ని చూడటం రోజూ అలవాటు కావాలి. సంచిని వార్తాపత్రిక మీద పెడితే అక్షరాలు స్పష్టంగా కనిపించాలి. లేత పసుపు రంగులో తేటగా ఉండటం సహజం. తెల్లని దారపు పోగుల వంటివి కనిపిస్తే అది ఫైబ్రిన్, గొట్టానికి అడ్డుపడవచ్చు గనుక నర్సుకు చెప్పాలి. ద్రవం మబ్బుగా ఉన్నా, కడుపునొప్పి, జ్వరం వచ్చినా ఆ సంచిని పారబోయకుండా వెంట తీసుకొని అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, ఎందుకంటే పరీక్ష ఆ ద్రవంతోనే చేస్తారు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు సొంతంగా వేసుకుంటే ఏ క్రిమి ఉందో తెలుసుకోవడం కష్టమవుతుంది.

ద్రవం సరిగా దిగకపోతే మొదట మెలికలు, మూసిన క్లాంపులు చూసుకోండి, అటూఇటూ ఒత్తిగిలి పడుకోండి. చాలాసార్లు అసలు కారణం మలబద్ధకమే.

ప్రతిరోజూ బరువు, బీపీ, ఎక్కించిన ద్రవం, దిగిన ద్రవం ఒక పుస్తకంలో రాయాలి. దిగిన సంచిని స్ప్రింగు త్రాసుకు తగిలిస్తే కిలోకు లీటరు చొప్పున సుమారుగా లెక్క తెలుస్తుంది. కాళ్లు ఉబ్బి, బరువు పెరుగుతుంటే 4.25 శాతం చక్కెర ఉన్న గాఢమైన సంచిని సొంతంగా వాడవద్దు, వైద్యుడిని అడగండి. అందులోని ఎక్కువ చక్కెర ఒంట్లో చేరుతుంది, పెరిటోనియం పొర కూడా దెబ్బతింటుంది. మధుమేహం ఉన్నవారికి ఇన్సులిన్ మోతాదు మార్చవలసి రావచ్చు. ఆవకాయ, అప్పడాలు తగ్గిస్తే దాహం తగ్గి, గాఢమైన సంచుల అవసరమూ తగ్గుతుంది. ఈ పద్ధతిలో ద్రవంతో పాటు మాంసకృత్తులు కూడా పోతాయి కాబట్టి, పథ్యమని గుడ్డు, చేప, పప్పు పూర్తిగా మానేయకుండా ఎంత తినాలో ఆహార నిపుణురాలిని అడిగి తినాలి.

గొట్టం బయటికి వచ్చే చోటును రోజూ చూసుకొని, ఎర్రబడినా చీము కారినా చెప్పాలి. గొట్టాన్ని టేపుతో ఒంటికి అంటించి ఉంచాలి, చీరముడి, బెల్టు దాని మీద పడకూడదు. చెరువులో, కాలువలో స్నానం మానుకోవాలి. సంచుల నిల్వ వారానికి తగ్గకముందే కొత్తవి తెప్పించుకోండి. ఊరు వెళ్లాలంటే అక్కడ ఉండే రోజులకు సరిపడా సంచులు, రెండు అదనపు మూతలు, మాస్కులు, ఆసుపత్రి ఫోన్ నంబరు రాసిన కాగితం ముందురోజు రాత్రే సర్దుకోండి.