కరెంటు కంపెనీ ప్రణాళికపై అభ్యంతరం ఎలా రాయాలి

నగరం గాలి బాగుపడాలని అడిగేవాళ్లు ముందు కరెంటు కంపెనీ కాగితాలు చదవాలి. ఛార్జీలను ఖరారు చేసే నియంత్రణ సంస్థకు ఆ కంపెనీ ఇచ్చే ఛార్జీల ప్రతిపాదనలో కరెంటు కొనుగోలు ఒప్పందాల పట్టిక వెతకండి. బొగ్గు ప్లాంట్లతో ఒప్పందాలు చాలాసార్లు 25 ఏళ్లకు ఉంటాయి. కరెంటు తీసుకోకపోయినా స్థిర ఛార్జీ కట్టాల్సిందే. పాత ప్లాంట్లు మూతపడకపోవడానికి ఇదో పెద్ద కారణం. ఇలాంటి ప్రతిపాదనపై జరిగిన మొదటి బహిరంగ విచారణకు నేను పొగ ఫొటోలు పట్టుకెళ్లాను, ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి ఈ పట్టికలోని అంకెలు చదివితే, రాతపూర్వకంగా జవాబిచ్చారు.

బొగ్గు కాల్చినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ వాయువును తొలగించే యంత్రం ప్లాంటులో పెట్టారా, రోజూ నడుపుతున్నారా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలుగా రాయండి. రెండోదే ముఖ్యం. ఆ వాయువు గాలిలో సన్నటి కణాలుగా మారి వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అందుకే ‘ప్లాంటు ఊరికి దూరంగా ఉంది’ అనే జవాబు దయచేసి ఒప్పుకోకండి.

మీ నగరం గాలిలో పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నటి కణాలు) వార్షిక సగటును కూడా జోడించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. ఆ కాలుష్యంలో వాహనాల వాటా కూడా ఉంటుంది, దాచకండి.

గడువుకు ముందే పంపి, అందినట్టు రసీదు తీసుకోండి.