సియోల్‌లోని చోంగ్‌గ్యేచోన్ వాగు వెంట కళను చూస్తూ నడవడం ఎలా?

2024 అక్టోబరులో మూసీ ప్రాజెక్టు కోసం తెలంగాణ మంత్రులు, అధికారుల బృందం వెళ్లి చూసి వచ్చినప్పటి నుంచి, దక్షిణ కొరియా రాజధాని నడిబొడ్డున పారే చోంగ్‌గ్యేచోన్ వాగు పేరు మన పత్రికల్లో తరచుగా కనిపిస్తోంది. వాగును కప్పేసిన రహదారిని, దాని మీది ఫ్లైఓవర్‌ను 2003 నుంచి తొలగించి, 2005లో సుమారు 5.8 కిలోమీటర్ల మేర ప్రజలకు తెరిచారు. సందర్శకుల్లో చాలామంది ఎగువ భాగంలో ఫొటోలు దిగి వెనుదిరుగుతారు. అక్కడి కళను శ్రద్ధగా చూడదలచినవారు ఒక పూట కేటాయించుకుని, పగటి వెలుతురులో, నీరు పారే దిశలోనే చివరిదాకా నడవాలి.

మెట్రో ఐదో లైనులో గ్వాంగ్‌హ్వామున్ స్టేషన్‌లో దిగి ఐదో ద్వారం గుండా బయటికి వస్తే చోంగ్‌గ్యే ప్లాజా దగ్గరలోనే ఉంటుంది. నత్తగుల్ల ఆకారంలో 20 మీటర్ల ఎత్తున అక్కడ నిలిచిన 'వసంతం' అనే శిల్పాన్ని క్లేస్ ఓల్డెన్‌బర్గ్ దంపతులు రూపొందించగా 2006లో ప్రతిష్ఠించారు. ఆ నేలతో దానికి సంబంధమేమిటని అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. అవి సబబుగానే తోస్తున్నందున, అక్కడ ఎక్కువసేపు ఆగకుండా మెట్లు దిగి వాగు ఒడ్డుకు చేరుకోమని నా సలహా.

రెండో వంతెన గ్వాంగ్‌టోంగ్‌గ్యో దగ్గర మాత్రం తొందరపడకండి. 1410లో తేజోంగ్ రాజు తన సవతి తల్లి సిందోక్ రాణి పాత సమాధి రాళ్లను తెప్పించి ఈ వంతెన కట్టించాడు. దేవతామూర్తులు, మేఘాలు చెక్కిన ఆ రాళ్లలో కొన్నింటిని తలకిందులుగా పేర్చారు. రాజ్యాధికారం దగ్గర పుట్టిన పగే దీనికి కారణమని చెబుతారు. వంతెన కిందికి వెళ్లి, గోడకు దగ్గరగా నిలబడి, తల వంచి చూస్తే ఆ మూర్తుల చేతులు, వస్త్రాల ముడతలు స్పష్టంగా తెలుస్తాయి. ఈ వాగు మొత్తంలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఈ గోడే.

మరికాస్త దిగువన, 5,000కు పైగా పింగాణీ పలకలతో దాదాపు 190 మీటర్ల పొడవున పరిచిన ఊరేగింపు చిత్రం వస్తుంది. 1795లో జోంగ్జో రాజు తన తల్లిని సియోల్‌కు దక్షిణాన ఉన్న హ్వాసోంగ్ కోటకు తీసుకువెళ్లిన యాత్ర అది. గోడ వెంట నెమ్మదిగా నడుస్తూ తల్లి పల్లకీని గుర్తించి, ఆ తరువాత రాజు గుర్రాన్ని వెతకండి. రాజు రూపాన్ని ఇటువంటి చిత్రాల్లో గీయకూడదన్నది నాటి ఆచారం కనుక ఆ గుర్రం మీద ఎవరూ కనిపించరు.

ఆ పైన నడక ఎక్కువ, ఆగవలసిన చోట్లు తక్కువ. సుమారు 20,000 మంది పౌరులు తలా ఒక పలక మీద తమ కోరికలను చిత్రించిన గోడను, పాత ఫ్లైఓవర్‌కు గుర్తుగా కూల్చకుండా ఉంచిన మూడు కాంక్రీటు స్తంభాలను మాత్రం విడిచిపెట్టవద్దు.

జూలై, ఆగస్టు నెలల్లో వెళ్లేవారు వాన విషయంలో జాగ్రత్త వహించాలి. మామూలు రోజుల్లో హాన్ నది నుంచి పంపులతో తెచ్చిన నీరే ఇక్కడ ప్రధానంగా పారుతుంది. భారీ వర్షం పడితే గోడల్లోని తూముల తలుపులు తెరుచుకుని వీధుల నీరంతా వాగులోకి దూకుతుంది. హెచ్చరిక వినగానే దగ్గరి మెట్లెక్కి పైకి వచ్చేయాలి.

నడక చివర చోంగ్‌గ్యేచోన్ మ్యూజియంలో పాత వాగు ఫొటోలు, నమూనాలు ఉన్నాయి. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. తిరుగు ప్రయాణానికి రెండో లైనులోని యోంగ్దు స్టేషన్ దగ్గర.