పిల్లల ఆటల ఎంపిక – నాలుగో పాఠం: వంతు వచ్చేదాకా ఏం చేస్తారు?

ఈ పాఠంలో నేల మీద ఆడే ఆటల గురించి చెబుతానని మాట ఇచ్చాను. చెబుతాను, కానీ చివర్లో, కొంచెమే. ముందు పోయిన పాఠం తెచ్చిన తంటా తీర్చాలి.

పోయినసారి మీకు ఒక పరీక్ష ఇచ్చాను. నియమాలన్నీ నాలుగు వాక్యాల్లో చెప్పగలిగిన ఆటనే ఐదారేళ్ళ పిల్లల ముందు పెట్టమన్నాను. చాలామంది శ్రద్ధగా చేసి చూశారు. ఎక్కువమంది లూడోనే ఎంచుకున్నారు. ఆ పరీక్షలో లూడో తేలిగ్గా నెగ్గుతుంది. ఆరు పడితే పావును బయటికి తియ్యి. తర్వాత పడినన్ని గళ్ళు జరుపు. అవతలివాళ్ళ పావు మీద పడితే దాన్ని ఇంటికి పంపు. నాలుగు పావులూ ముందుగా పండినవాళ్ళదే గెలుపు. సరిగ్గా నాలుగు వాక్యాలు.

అయినా చాలా ఇళ్ళలో ఆట సాగలేదు. పది నిమిషాలకే చిన్నది లేచిపోయిందని ఒకరు, పావులన్నీ చెల్లాచెదురు చేశాడని ఇంకొకరు, నువ్వు తొండి చేశావంటే నువ్వు చేశావని అక్కాతమ్ముళ్ళు జుట్లు పట్టుకున్నారని మరొకరు రాశారు. పిల్లలను తప్పుపట్టకండి, లోటు నా పరీక్షలో ఉంది. ఆట అర్థమవుతుందా లేదా అన్నంతవరకే అది తేలుస్తుంది. అర్థమైన ఆటలో ఆ పిల్లకు చేయడానికి ఏమైనా పని ఉందా అన్నది నేను అడగమని చెప్పలేదు. ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే.

ఒక తల్లి రాసిన వివరం చూడండి. నలుగురు పిల్లలు, ఒక లూడో అట్ట. ఐదేళ్ళ పాపకు మొదటి రెండు వంతుల్లో ఆరు పడలేదు. మూడో వంతు దాకా కన్నార్పకుండా పాచికనే చూసింది. నాలుగో వంతు వచ్చేసరికి తన నాలుగు పావులనూ ఒకదాని మీద ఒకటి నిలబెడుతోంది. ఐదో వంతు వచ్చిందని అన్న గుర్తు చేయాల్సి వచ్చింది. ఆరోసారి కూడా పడకపోయేసరికి, అందరూ పాచిక చూస్తుండగా, చిటికెన వేలితో అన్న పావును రెండు గళ్ళు వెనక్కి నెట్టింది. తొండి అన్నారు, కసురుకున్నారు, పాప ఏడుస్తూ లేచిపోయింది. తల్లి చివర్లో ఒక మాట రాశారు: మా పాపకు పాచిక కలిసిరాదండి.

ఈ మాటను నేను దాటిపోలేను. ఇదే మాట మరో నలుగురు కూడా రాశారు. పిల్లల ఎదుట కూడా అనే ఉంటారు. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. లెక్కలంటే విసుగు ఉన్నవాళ్ళు కూడా దయచేసి చదవండి.

పాచికకు ఆరు ముఖాలు. ఒకసారి వేస్తే ఆరు పడకుండా పోయే వీలు ఆరింట ఐదు పాళ్ళు. ఇక్కడి నుంచి చాలామంది వేసే లెక్క ఇది: ఆరు ముఖాలు ఉన్నాయి కాబట్టి ఆరుసార్లు వేస్తే ఒకసారైనా పడి తీరాలి, పడలేదంటే జాతకం బాగాలేదు. ఆ లెక్క తప్పు. వరుసగా ఆరుసార్లు పడకుండా పోయే వీలు తెలియాలంటే ఆరింట ఐదు అనే భిన్నాన్ని ఆరుసార్లు తీసుకుని ఒకదానితో ఒకటి హెచ్చవేయాలి. నూటికి 33 పైన వస్తుంది. ముగ్గురు పిల్లలు ఆరేసిసార్లు పాచిక వేస్తే, వాళ్ళలో ఒకరు పావు కదపకుండా అలాగే ఉండిపోవడం మామూలు విషయమన్నమాట. ఆ పాపకు జరిగింది అదే. పదిసార్లు వేసినా పడకుండా పోయే వీలు కూడా నూటికి 16 ఉంది.

నలుగురినీ కలిపి చూడండి. ఆరు వంతులు గడిచాక కూడా కనీసం ఒకరి పావు బయటికి రాకుండా ఉండే వీలు నూటికి 80. ఐదు సాయంత్రాలు ఆడిస్తే దాదాపు నాలుగు సాయంత్రాలు ఎవరో ఒకరు ఇలా ఇరుక్కుంటారు. రేపు మీ ఇంట్లో ఎవరి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయో చెప్పలేం కానీ, తిరగడం మాత్రం దాదాపు ఖాయం. ఆ నియమంలోనే అది ఉంది.

ఇన్నిసార్లు పడలేదు కాబట్టి ఈసారి తప్పకుండా పడుతుందని పిల్లలను ఓదార్చేవాళ్ళకు కూడా ఒక మాట. పాచికకు జ్ఞాపకం ఉండదు. ఏడోసారి వేసినా అదే ఆరింట ఒక పాలు. మీరు మాట ఇచ్చాక అది పడకపోతే, పాపకు పాచిక మీద పోయిన నమ్మకం మీ మీద కూడా పోతుంది.

ఇప్పుడు గడియారం తీసుకుందాం. చిన్నపిల్లలు పాచిక వేసి, అది మంచం కిందికి దొర్లితే తెచ్చుకుని, లెక్కపెట్టి పావు జరపడానికి పాతిక సెకన్లు పడుతుందనుకోండి. నలుగురికి కలిపి వంద సెకన్లు. ఆరు వంతులకు ఆరు వందల సెకన్లు, అంటే పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో పాప చేసిన పనల్లా ఆరుసార్లు పాచిక విసరడం. ఐదేళ్ళ పిల్ల పది నిమిషాలు ఊరికే కూర్చుని, ఆ తర్వాత గానీ ఒక తుంటరి పని చేయలేదంటే ఆ ఓర్పుకు ముచ్చటపడాలి.

(పాచిక దొర్లిపోవడానికి నా చిట్కా: మూత ఉన్న చిన్న పారదర్శకమైన డబ్బాలో పాచికను వేసి మూత బిగించండి. డబ్బాను ఆడించి కింద పెట్టడమే. పాచిక పోదు, తొండి అనే పేచీ సగం పోతుంది, వంతుకు ఐదారు సెకన్లు మిగులుతాయి. మా ఇంట్లో విడి పాచికతో ఆడడం ఎప్పుడో మానేశాం.)

ఇక మందు. ఆట మొదట్లోనే ప్రతి ఒక్కరి పావు ఒకటి బయట పెట్టి మొదలుపెట్టండి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మార్పు ఇదే. మొదటి వంతు నుంచే ప్రతి పందేనికీ ఏదో ఒక పావు కదులుతుంది. అది వద్దనుకుంటే ఒకటి పడినా, ఆరు పడినా పావు బయటికి రావచ్చనండి. అప్పుడు ఆరు వంతులు ఇరుక్కుపోయే వీలు నూటికి 33 నుంచి 9కి దిగుతుంది. బయటికి వచ్చేదాకా వంతుకు మూడుసార్లు వేయనిచ్చే పద్ధతి కొందరికి అలవాటు. లెక్కప్రకారం అది ఇంకా మేలు, నూటికి 4 కంటే తక్కువే. అయినా నేను దాన్ని వాడను. ఒకరు మూడుసార్లు వేస్తున్నంతసేపూ మిగతా ముగ్గురు కాచుకుని కూర్చోవాలి, ఒకరి బాధ తీసి ముగ్గురికి పంచినట్టవుతుంది. పావులు నాలుగు కాకుండా రెండేసి ఇస్తే ఆట సగానికి సగం తగ్గుతుంది, అదీ మంచిదే. అష్టాచెమ్మా ఆడించేవాళ్ళకు కూడా ఇదే మాట. అష్ట గానీ చెమ్మ గానీ పడితేనే పావు లోపలికి అనే నియమాన్ని పెద్దపిల్లలకు దాచి ఉంచండి.

ఇంతవరకు చెప్పింది చదివి, వంతుకోసం ఆగే ఆటలన్నీ చెడ్డవనుకోకండి. ఆగడంలో రెండు రకాలు ఉన్నాయి. జత కార్డుల ఆట తీసుకోండి. కార్డులన్నీ బోర్లించి, వంతుకు రెండు తిప్పి, ఒకేలాంటివి పడితే తీసుకునే ఆట. అందులో పక్కవాడు ఏ కార్డు తిప్పాడో చూడకపోతే మీ వంతులో మీరు ఓడతారు. పిల్లల చూపు వంతు లేనప్పుడు కూడా అట్ట మీదే ఉంటుంది. నాలుగేళ్ళవాళ్ళకు ఆరు జతలతో మొదలుపెట్టండి, పన్నెండు కార్డులు చాలు. పెట్టెలో ఉన్నవన్నీ పరిచేయడం పెద్దవాళ్ళు చేసే పొరపాటు. జెంగా కూడా ఇలాంటిదే. 54 చెక్క ముక్కలు, అంతస్తుకు మూడు చొప్పున 18 అంతస్తులు. ఒకరు ముక్క లాగుతుంటే మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తారు, కాచుకున్నట్టే అనిపించదు. వైకుంఠపాళిలో అలా కాదు. పక్కవాడిని పాము మింగినా నిచ్చెన ఎక్కించినా నేను చేయాల్సిన దానిలో మార్పు ఉండదు, ఎందుకంటే ఆ ఆటలో ఎవరూ దేన్నీ ఎంచుకోరు. అది అంకెలు లెక్కపెట్టడం నేర్పడానికి మంచి ఆట, ఇద్దరు ఆడితే. నలుగురితో నేను ఆడించను.

అసలు నలుగురిని ఒక అట్ట చుట్టూ కూర్చోబెట్టాలని ఎందుకు అనుకుంటాం? పెట్టె మీద 'ఇద్దరి నుంచి నలుగురి దాకా' అని ఉంటుంది కాబట్టి. దాని అర్థం నలుగురు ఆడవచ్చని, ఆడి తీరాలని కాదు. నలుగురిని రెండు జతలుగా విడదీయండి. వంతుకు పాతిక సెకన్ల లెక్కన 75 సెకన్ల ఎదురుచూపు 25కి దిగుతుంది. నా మొగ్గు ఎప్పుడూ ఇటే. నలుగురికి ఒక పెద్ద ఆట కన్నా ఇద్దరేసి ఆడే చిన్న ఆటలు రెండు మేలు. రెండో ఆటకు ఏమీ కొననక్కర్లేదు, కాగితం, పెన్సిలు ఉంటే చాలు.

చుక్కల ఆట అందరికీ తెలిసిందే. వరుసగా చుక్కలు పెట్టి, వంతుకో గీత గీస్తూ, నాలుగో గీతతో గడి మూసినవాళ్ళు అందులో తమ పేరులోని మొదటి అక్షరం రాసి మరో గీత గీయడం. ఫ్రెంచి గణితవేత్త ఎడువార్ లూకా 1889లోనే దీని గురించి రాశాడు. దీన్ని ఆడించేటప్పుడు చుక్కలు నాలుగు వరుసల్లో నాలుగేసి పెట్టండి. తొమ్మిది గళ్ళు వస్తాయి. తొమ్మిది బేసి సంఖ్య కాబట్టి చెరిసగం పంచుకోవడం కుదరదు, ఎవరో ఒకరు గెలుస్తారు. ఐదేసి చుక్కలు పెడితే పదహారు గళ్ళు, సమానంగా ముగిసే వీలుంది. ఓటమిని ఇంకా తట్టుకోలేని పిల్లలకు నేను కావాలనే ఐదేసి పెడతాను.

ఇంకొకటి, పుల్లల ఆట. 21 పుల్లలు వరుసగా పేర్చండి. వంతుకు ఒకటి, రెండు లేదా మూడు పుల్లలు తీయవచ్చు. చివరి పుల్ల తీసినవాళ్ళదే గెలుపు. ఒక్కో వంతు ఐదు సెకన్లు కూడా పట్టదు. ఎదుటివారికి నాలుగో, ఎనిమిదో, పన్నెండో మిగిల్చినవాళ్ళు గెలుస్తారన్న కిటుకు ఉంది. దయచేసి పిల్లలకు చెప్పేయకండి. నేను ఎనిమిదేళ్ళ బాబుతో వారం రోజులు ఆడాను. ఆరో రోజు వాడు నాలుగు పుల్లలు నా ముందు మిగిల్చి, చెయ్యి వెనక్కి తీసుకుని, నా ముఖంలోకి చూసి నవ్వాడు. ఆ నవ్వు వాడు సొంతంగా సంపాదించుకున్నది.

పెట్టె మీద వయసు చూడడం, మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో చిన్న ముక్కలు అందనివ్వకపోవడం మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను.

నేల ఆటలకు వద్దాం. ఇక్కడ కూడా అదే ప్రశ్న అడగండి, జవాబు ఇంకా తొందరగా దొరుకుతుంది. కుర్చీలాటలో ఏడుగురు పిల్లలుంటే ఆరు రౌండ్లు. మొదటే బయటికి వెళ్ళిన పిల్ల మిగతా ఐదు రౌండ్లూ గోడకు ఆనుకుని చూస్తుంది. అందరిలోకీ చిన్నది, నెమ్మదైనది, అంటే ఆ ఆట ఎక్కువ ఆడాల్సిన పిల్లే ముందు వెళ్ళిపోతుంది. కుర్చీలను తీసేయండి, పిల్లలను ఉంచండి. కుర్చీలకు బదులు నేల మీద దుప్పటి ముక్కలు పరిచి, పాట ఆగినప్పుడల్లా ఒక ముక్క తీసేసి, మిగిలిన వాటి మీద అందరూ పట్టాలనండి. చివరికి ఏడుగురూ ఒకే ముక్క మీద ఒకరినొకరు పట్టుకుని నిలబడతారు. ఎవరూ బయటికి పోరు, నవ్వులు మాత్రం ఎక్కువవుతాయి.

తొక్కుడుబిళ్ళకు ఆరుగురుంటే ఒకే పట్టం గీయకండి, రెండు గీయండి. సీసాలను దొర్లించి కొట్టే ఆటలో ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర ఉండాలి. కొట్టినవాళ్ళు కొడితే, అటు ఉన్నవాళ్ళు నిలబెట్టి తిరిగి కొడతారు. ఆరు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు చాలు. బంతి వద్దు, జత సాక్సులను ఉండగా చుట్టి వాడండి. బీరువా కిందికి దొర్లదు, దేన్నీ పగలగొట్టదు. బుడగను నేలకు తాకనివ్వకుండా కొట్టే ఆట కూడా అందరికీ ఒకేసారి పని ఇస్తుంది. కానీ పగిలిన ముక్కలు గొంతుకు అడ్డం పడతాయి, ఆ క్షణమే ఏరేయాలి. ఎనిమిదేళ్ళలోపు వాళ్ళను బుడగలతో ఒంటరిగా వదలకండి.

అభ్యాసం. ఈసారిది కష్టమైనదే, అయినా అడుగుతున్నాను. మీ పిల్లలు ఇప్పటికే ఆడుతున్న ఆట ఒకటి ఎంచుకోండి. ఒక సాయంత్రం మీరు ఆడకుండా పక్కన కూర్చుని, ఒక్క పిల్లను మాత్రమే గమనించండి, అందరిలోకీ చిన్నవాళ్ళను. కాగితం మీద మూడు నిలువు గళ్ళు గీయండి: చేతిలో పని ఉన్న నిమిషాలు, పని లేకపోయినా ఆట వైపు చూస్తున్న నిమిషాలు, రెండూ లేని నిమిషాలు. ఇరవై నిమిషాలు, నిమిషానికి ఒక గీత. మరుసటి సాయంత్రం ఆటలో ఒకే ఒక్క నియమం మార్చి మళ్ళీ గీతలు పెట్టండి. మూడో సాయంత్రం నియమాన్ని మీరు మార్చకుండా, ఏం మారిస్తే బాగుంటుందో ఆ చిన్నవాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పినట్టే ఆడించి మళ్ళీ గీయండి. రాసేటప్పుడు కాగితం పిల్లలకు కనబడనివ్వకండి, మార్కులు వేస్తున్నారనుకుంటారు. మూడు కాగితాలూ దాచి ఉంచండి. వచ్చే పాఠం ఓడిపోవడం గురించి, మూడో గడిలో పడిన గీతలతోనే దాన్ని మొదలుపెడతాను.