ఆర్ఓ మెంబ్రేన్లను కెమికల్‌తో కడిగే ముందు

పర్మియేట్ (మెంబ్రేన్ దాటి వచ్చే శుద్ధి నీళ్లు) ఫ్లో 10–15 శాతం తగ్గగానే కడగండి. ఆలస్యం చేస్తే మడ్డి గట్టిపడి వదలదు.

కడిగే ద్రావణం కలిపే ట్యాంకులో ఆర్ఓ నీళ్లే నింపాలి, బోరు నీళ్లు వద్దు. క్లోరిన్ జాడ కూడా ఉండకూడదు. అది మెంబ్రేన్‌లోని పాలీఅమైడ్ పొరను తినేస్తుంది. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు. దగ్గర్లో హైపో (సోడియం హైపోక్లోరైట్, క్లోరిన్ బ్లీచ్) డబ్బా ఉంటే ముందే తీసేయించండి, రెండూ కలిస్తే విషవాయువే. గాగుల్స్, రబ్బరు గ్లవ్స్ సంగతి చెప్పక్కర్లేదు.

సాధారణంగా ముందు కాస్టిక్ సోడా ద్రావణం (పీహెచ్ 12, 35 డిగ్రీలు దాటొద్దు), తర్వాత యాసిడ్ (పీహెచ్ 2). వరస తిరగబడితే జిగురు, సిలికా ఇంకా బిగుస్తాయి. మెంబ్రేన్ కంపెనీ షీటులో హద్దులు తక్కువుంటే అవే పాటించండి.

5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్ ఫిల్టర్ కొత్తది వేయండి. పర్మియేట్ లైన్ ట్యాంకులోకి తెరిచే ఉందా? వాల్వు చేత్తో తిప్పి చూడండి. మూసి ఉంటే ఎదురు ఒత్తిడికి మెంబ్రేన్ అతుకులు ఊడతాయి. మొదట తిరిగొచ్చే మురికి ద్రావణాన్ని ట్యాంకులోకి రానివ్వకుండా న్యూట్రలైజేషన్ పిట్‌కు (యాసిడ్, కాస్టిక్ గుణం పోగొట్టే గుంటకు) మళ్లించండి.